గాదెలో వేడి ఎంత

మసకకు 27 రోజులు

తొమ్మిదో తరగతికి ఈ రోజు శక్తి పాఠం మొదలుపెట్టాను. నిర్వచనం చదివించలేదు. పద్దెనిమిది మందినీ బడి వెనక మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, తలా ఒక పదికిలోల ఇసుక సంచి భుజానికెత్తి, ఇరవై మెట్లు ఎక్కించాను. పైకి చేరేసరికి అందరూ రొప్పుతున్నారు. ఒక్కొక్కరు సంచిని పైకి చేర్చడానికి దాదాపు మూడు వందల జౌళ్ళ శక్తి పట్టిందని నల్లబల్ల మీద రాశాను. ఒక గ్లాసు టీ కాచాలంటే అలాంటి సంచులు ఎన్ని మొయ్యాలో మీరే తేల్చండి అన్నాను. నూట అరవై అని తేలింది.

"అమ్మ బాబోయ్, టీ మానెయ్యడమే నయం టీచర్!" అంది ముందు బెంచీ పిల్ల. అందరూ నవ్వారు.

బలగ హైమ మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి గాదె వైపు చూస్తోంది. "మరి గాదెలో ఎన్ని సంచుల శక్తి ఉన్నట్టు టీచర్?" అని అడిగింది.

మా జీలుగుమెట్టలో ఏ వాకిట్లో నిలబడినా గాదె కనిపిస్తుంది. తాటిచెట్టంత ఎత్తున గుండ్రటి గోడ, లోపలంతా ఇసుక. ఏడాది పొడుగునా ఎండపలకల నుంచి వచ్చే కరెంటు ఆ ఇసుకని కాలుస్తూ ఉంటుంది. మసక వచ్చి దుమ్ము ఆకాశాన్ని కప్పేసే డెబ్భై చలి రోజులూ ఆ వేడే గొట్టాల్లోంచి గాలిగా వచ్చి రెండువందల పన్నెండు ఇళ్ళని బతికిస్తుంది. గాదె నెత్తిన పెద్ద బోర్డు. ఈ రోజు దాని మీద 561 డిగ్రీలు ఉంది. గాదెని చూసుకునేది హైమ తండ్రి తవిటయ్యే.

"కొలుద్దాం," అన్నాను.

మసకకు 26 రోజులు

పిల్లల్ని ఊళ్ళోకి వదిలాను. వేడిగా ఉండకూడని చోట వేడి ఎక్కడ ఉందో చేత్తో తాకి చూసి రాసుకురమ్మన్నాను. మర ఆడించే గది ఇరుసు, ఎండపలకల కింద తీగలు, పడుకున్న కుక్క కడుపు (ఇది రాసిన వాడితో దానికి వేడి ఉండొచ్చని వాదించాల్సి వచ్చింది), ఇలా చాలా తెచ్చారు. ముగ్గురు మాత్రం ఒకే మాట రాశారు: గాదె పడమటి గోడ.

ముగ్గురికీ 'భేష్' అని రాసి పుస్తకాలు ఇచ్చేశాను. ఇంటికి వెళ్తూ దారిలో ఆగిపోయాను. ఆ గోడ రెండు బారల మందం. మధ్యలో అంతా రాతి ఉన్ని. ఆ వేడి బయటికి రాకూడదనే కదా అంత మందంగా కట్టారు.

వెనక్కి తిరిగి గాదె దగ్గరికి వెళ్ళాను. పడమటి గోడకి వీపు ఆనించి ఇద్దరు ముసలమ్మలు చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. గోడ మీద అరచెయ్యి పెట్టాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా వెచ్చగా ఉంటోందమ్మా?"

"రెండేళ్ళయ్యిందమ్మా," అంది ఒకావిడ. "నడుం నొప్పులకి బలే సుకంగా ఉంటాది. నువ్వూ కూసో."

కూర్చోలేదు.

మసకకు 24 రోజులు

దీన్ని వరసగా రాయాలి.

గాదె పైనుంచి ఇసుకలోకి దిగే సన్నటి గొట్టం ఒకటి ఉంది. అందులోకి తీగ కట్టి ఇనప బోల్టుని దించి, గంటసేపు ఉంచి, పైకి లాగి వెంటనే నీళ్ళున్న ఫ్లాస్కులో వెయ్యాలి. నీళ్ళు ఎంత వేడెక్కాయో చూస్తే బోల్టు ఎంత వేడిగా ఉండి ఉంటుందో చెప్పొచ్చు. పాత ప్రయోగమే. ఏటేటా పొయ్యి నిప్పులతో చేయిస్తాను. ఈసారి గాదెతో చేద్దామన్నాను, అంతే.

తవిటయ్యని తాళం అడిగితే కాసేపు నేల చూశాడు. "బోర్డుండగా బోల్టెందుకమ్మా?"

"పిల్లల చదువు కోసం తవిటయ్య గారూ. జవాబు ముందే తెలిస్తే, వాళ్ళు సరిగ్గా చేశారో లేదో నేను చూసుకోవచ్చు."

తాళం కూతురి చేతిలో పెట్టి ఎండపలకల వైపు వెళ్ళిపోయాడు.

రెండు వందల గ్రాముల బోల్టు. అర లీటరు నీళ్ళు, ఇరవై నాలుగు డిగ్రీలు. బోర్డు చెప్పిన ప్రకారం నీళ్ళు నలభై ఆరుకి చేరాలి. బోల్టు పడగానే ఫ్లాస్కు బుస్సుమంది. హైమ మూత బిగించి ఊపుతోంది, మిగతావాళ్ళు థర్మామీటరు మీదికి వంగారు. ముప్పై. ముప్పై మూడు. ముప్పై అయిదు. అక్కడ ఆగిపోయింది.

"నేనే తప్పు సేసేనేమో టీచర్," అంది హైమ.

మళ్ళీ చేశాం. ముప్పై నాలుగున్నర. బోల్టు మార్చి ఇంకోసారి చేశాం. ముప్పై అయిదు. థర్మామీటరు చెడిపోయిందేమోనని మరుగుతున్న నీళ్ళలో పెట్టాను. మా ఎత్తులో నీళ్ళు తొంభై ఏడుకి మరుగుతాయి. సరిగ్గా తొంభై ఏడే చూపించింది.

లెక్క పిల్లలే చేశారు. గాదె లోపల రెండువందల తొంభై డిగ్రీలు. బయటికి వచ్చి తలెత్తి చూస్తే బోర్డు మీద 561.

గాదె ఎనభైకి దిగితే ఇక వెచ్చటి గాలి రాదు. అంటే డెబ్భై రోజులకి రావాల్సిన వేడి ముప్పై రోజులకి మించి రాదు. ఈ మాట నేను చెప్పలేదు. వెనక బెంచీలో ఎవరో మెల్లగా అన్నారు. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు.

మసకకు 23 రోజులు

తవిటయ్యని బడికి పిలిచాను. తలుపు వేసి, పిల్లలు రాసిన కాగితం చూపించాను. చదవలేదు. చదవక్కర్లేదన్నట్టు పక్కన పెట్టాడు.

"లోపల వేడి కొలిసే తీగ కాలిపోనాదమ్మా. రెండేళ్ళ కిందట, వానల్లో. కొండ కింద నుంచి బండొస్తే కొత్తది తెప్పిద్దామనుకున్నాను. బండి రానేదు."

"మరి బోర్డు మీద అంకె?"

"నేనే ఏసీవోడిని. ఎండ ఎంత కాసిందో సూసి, పొద్దున్నే."

"మొన్నటి మసకలో కూడానా?"

"మొన్నటి మసకలో కూడా. రోజుకో ఏడు డిగ్రీలు దించుకుంటా ఎల్లేను. ఈ ఏడు ఎండలు బాగా కాసేయి గదా, నిండిపోయుంటాదనుకున్నానమ్మా. గోడలోంచి వేడి పోతందని నాకు తెల్దు. నా బిడ్డ మీద ఒట్టు, అది తెల్దు."

ఇది ప్రయోగాల పుస్తకం. ఇందులో ఇంటి సంగతులు రాయకూడదు. రాస్తున్నాను.

మొన్నటి మసకలో చివరి పది రోజుల్లో పదకొండు మంది పోయారు. ఊపిరితిత్తుల జ్వరం అన్నాం. చివరి రోజుల్లో గాలి చల్లబడడం ఎప్పుడూ ఉన్నదేలే అనుకున్నాం. ఆ పదకొండు మందిలో మా ఆయన పోలినాయుడు ఒకరు. మసక యాభై ఎనిమిదో రోజున ఆయన గొట్టం దగ్గర చెయ్యి పెట్టి, "సులోచనా, గాలి చల్లగా వొస్తంది," అన్నారు. కిటికీలోంచి బోర్డు చూపించాను. "నూట డెబ్భై ఉంది. చల్లగా ఎలా వస్తుంది? జ్వరం వల్ల అలా అనిపిస్తోంది, పడుకోండి," అన్నాను. మళ్ళీ సాయంత్రం అన్నారు. మళ్ళీ అదే చెప్పాను. నేను లేచి ఆ గొట్టం దగ్గర చెయ్యి పెట్టలేదు. పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకి శక్తి పాఠం చెప్తున్నదాన్ని, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడలేదు.

అరవై ఒకటో రోజున పోయారు.

తవిటయ్య వెళ్ళే ముందు గుమ్మంలో ఆగి, "రేపు ఊరందరి ముందూ నేనే సెప్తానమ్మా. మీరు సెప్పకండి," అన్నాడు. సరేనన్నాను.

మసకకు 22 రోజులు

మధ్యాహ్నం బడి ముందు ఊరంతా కూర్చుంది. ఊరిపెద్ద కొండమ్మ గారు తవిటయ్యని మాట్లాడమన్నారు. లేచాడు. నోరు తెరిచాడు. పై కండువా రెండు చేతుల్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నేను లేవబోతుంటే హైమ లేచింది. చేతిలో ప్రయోగం కాగితం. తండ్రి పక్కకి వెళ్ళి నిలబడి చదివింది. బోల్టు బరువు, నీళ్ళ బరువు, మూడుసార్లు వచ్చిన అంకెలు, చివర రెండువందల తొంభై.

"మీ అయ్య బోర్డు తప్పంతావేటే?" అని ఎవరో అరిచారు.

"తప్పే. లోపల తీగ కాలిపోనాదని రాత్రి మా అయ్యే నాకు సెప్పినాడు. ఆ అంకె మా అయ్యే ఏస్తన్నాడు," అంది. "ఉన్నదాంతో ముప్పై రోజులే వస్తాది."

మొన్నటి మసకలో తల్లి పోయిన ఒకాయన కుర్చీ ఎత్తుకుని తవిటయ్య మీదికి వెళ్ళాడు. నలుగురు పట్టుకున్నారు. తవిటయ్య తప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఆగండెహె!" కొండమ్మ గారు చేతికర్రతో నేలని కొట్టారు. "కొట్టుకోడానికి తరవాత శానా టైముంది. ముందర ఇరవై రెండు రోజులున్నాయి. ఆ గొట్టాల కవాటాలు తిప్పడం ఆడికి తప్ప ఇంకెవులికీ రాదు. అంచేత ఆడు మనతోనే ఉంటాడు." తరవాత నా వైపు తిరిగారు. "టీచరమ్మా. ఇప్పుడేటి సెయ్యాల?"

ఆరు వందల మంది నా వైపు చూశారు. నాకు పాఠం చెప్పడం వచ్చు. దీనికి జవాబు నాకు తెలియదు. "ముందు గోడ విప్పాలి," అన్నాను, అదొక్కటే తోచి.

మసకకు 20 రోజులు

పడమటి గోడ పైపొర ఊడదీశారు. లోపలి ఉన్ని తడిసి నల్లటి పేడలా జారింది. పారతో లాగుతుంటే ఆవిరి లేచింది. రెండేళ్ళుగా మేము పోగు చేసిన వేడంతా అలా పోయింది. ముసలమ్మలు చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

కొత్త ఉన్ని లేదు. మరి దేంతో నింపాలి? తొమ్మిదో తరగతికి అదే ఈ రోజు ప్రయోగం. ఒకే సైజు సీసాల్లో మరిగే నీళ్ళు పోసి, ఒకదానికి గడ్డి, ఒకదానికి దూది, ఒకదానికి ఎండుటాకులు, ఒకదానికి కోడి ఈకలు, ఒకదానికి ఊక, ఒకదానికి ఊక బూడిద చుట్టూ కూరి, పది నిమిషాలకోసారి వేడి చూశారు. ఎప్పుడూ ఆడుతూ చేసే ప్రయోగం. ఈ రోజు పిల్లలు థర్మామీటరు మీది నుంచి కళ్ళు తియ్యలేదు. దూది, ఈకలు దాదాపు బూడిదకి సమానంగా నిలిచాయి. కానీ వాటిని నిప్పు మీద పెడితే అంటుకున్నాయి. బూడిద అంటుకోలేదు.

మర దగ్గర పదేళ్ళుగా పారబోసిన ఊక బూడిద గుట్ట ఉంది. సాయంత్రానికే గంపలు కదిలాయి.

మసకకు 11 రోజులు

పలకల కరెంటంతా గాదెకే. దీపాలు లేవు, మర లేదు, మోటారు లేదు, వంట లేదు. నీళ్ళు చేతులతో తోడుకుంటున్నాం. అటుకులు నానబెట్టుకుని తింటున్నాం. రోజూ పొద్దున్నే హైమా, ఇంకో ఇద్దరూ బోల్టు దించి చూసి, వచ్చిన అంకె బడి గోడ మీద బొగ్గుతో రాస్తున్నారు. ఈ రోజు 352. ఊళ్ళో వాళ్ళు ముందు వచ్చి గోడ చూసి, తరవాతే పనికి వెళ్తున్నారు.

తవిటయ్యతో ఎవరూ మాట్లాడరు. గోడ మీద అందరికంటే పైన నిలబడి బూడిద కూరుతున్నాడు. గంప అందిస్తారు గానీ మొహం చూడరు. నేనూ అంతే. హైమ మాత్రం మధ్యాహ్నం నిచ్చెనెక్కి నీళ్ళు ఇచ్చి వస్తుంది. ఆ పిల్లా మాట్లాడదు.

మసక, మొదటి రోజు

దుమ్ము వచ్చేసింది. పొద్దున్న ఎనిమిదికే ఆకాశం ఇటుక రంగులోకి మారింది. చివరి కొలత 428.

ఇది డెబ్భై రోజులకి చాలదు. అందుకని ఇళ్ళన్నీ మూసేశాం. ఊరంతా బడిలో, ధాన్యం కొట్టులో, మర గదిలో. గొట్టాలు మూడే తెరిచారు. గదిలో రెండు వందల మంది ఉంటే వాళ్ళ ఒంటి వేడే ఎంతో పిల్లలు లెక్క కట్టి అందరికీ చెప్తున్నారు. ఒక్కో మనిషి ఒక పాత దీపం బల్బుతో సమానం. "అయితే నాను రెండు బల్బులే," అని కాస్త లావుపాటి ఆవిడ అంది. మూడు వారాల తరవాత ఊళ్ళో నవ్వు వినిపించింది.

మసక, 37వ రోజు

ఈ రోజు పొద్దున్న కవాటం గదిలో నేను గాలిగొట్టం అంకె రాసుకుంటున్నాను. తవిటయ్య చక్రం తిప్పుతున్నాడు. ఇద్దరమే ఉన్నాం. ఉన్నట్టుండి చక్రం వదిలేశాడు.

"టీచరమ్మా. ఒక మాట సెప్పకపోతే నాను బతకనేను."

నేను పెన్సిలు ఆపలేదు.

"మొన్నటి మసకలో నాయుడు బావు నాకాడికొచ్చినారు. యాబై తొమ్మిదో రోజున. ఒళ్ళంతా జొరం. గోడ పట్టుకుని నడిసొచ్చినారు. 'తవిటయ్యా, గాలి సల్లగా ఉంది, ఒక్కపాలి లోపల సూడరా' అన్నారు."

నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం నేను బియ్యం పంపకానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన మంచం మీదే ఉన్నారు, చెప్పులకి బురద ఉంది. పెరట్లోకి వెళ్ళి ఉంటారనుకున్నాను. ఆ జ్వరంతో, ఆ చలిలో, అంత దూరం.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"బోర్డు సూడు బావూ, నూట అరవై మూడు ఉంది, అన్నాను." మొహం కండువాలో దాచుకున్నాడు. "తెలిసే అన్నాను. ఆయన బోర్డు వంక సూసి, ఏటీ అననేదు. తిరిగెల్లిపోనారు."

గోడకి ఆనుకున్నాను. ఆ మనిషిని అక్కడే చంపెయ్యాలనిపించింది. అలా అనిపించిందని కూడా ఇక్కడ రాస్తున్నాను. తన మాట ఎవరైనా నమ్ముతారని ఆయన చివరిసారి వెళ్ళింది ఇతని దగ్గరికి. ఎందుకు వెళ్ళారు? ఇంట్లో చెప్తే నేను వినలేదు కాబట్టి. ఒకరోజు ముందు నేనూ అక్షరాలా అదే మాట అన్నాను కాబట్టి.

"నేనూ బోర్డే చూపించాను తవిటయ్య గారూ," అన్నాను.

తలెత్తాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూడలేకపోయాం. కాసేపటికి గొట్టంలో గాలి చప్పుడు మారింది. చక్రం తిప్పాలి. ఒక్కడి వల్ల కాదు. నేనూ పట్టాను.

మసక, 66వ రోజు

నాలుగు రోజుల ముందే దుమ్ము విడిపోయింది. గాదె ఎనభైకి దిగింది అరవై ఒకటో రోజున. చివరి అయిదు రోజులూ గొట్టాలు మూసేసి, మూడు గదుల వాళ్ళం ఒకే గదిలో ఒకరినొకరు ఆనుకుని పడుకున్నాం. ఇద్దర్ని పోగొట్టుకున్నాం. మర నడిపే చిన్నబ్బి గారి తండ్రి, పదకొండు రోజుల పసిపాప. పాపకి ఇంకా పేరు పెట్టలేదు.

ఆరువందల మందిలో ఇద్దరు అని కొండమ్మ గారు అన్నారు. ఓదార్పుగానే అన్నారు. పాప తల్లి అక్కడే ఉంది. కొండమ్మ గారు ఆ మాట మళ్ళీ అనలేదు.

ఎండ పడగానే పిల్లలు బయటికి పరిగెత్తారు. పెద్దవాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోయారు, ఇది నిజమేనా అన్నట్టు.

ఎండ వచ్చిన తొమ్మిదో రోజు

బడి తెరిచాం. తవిటయ్యని ఏం చెయ్యాలో నిన్న ఊరు తేల్చింది. గాదె పని అతనే చేస్తాడు. కొలత మాత్రం ఎప్పటికీ బడిదే. నన్నడిగితే ఇంకొకటి కోరాను. తొమ్మిదో తరగతి ముందుకి వచ్చి, జరిగింది తన నోటితో చెప్పాలన్నాను. శిక్ష అనుకుంటే శిక్ష.

ఈ రోజు వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. నల్లబల్ల పక్కన నిలబడి మొత్తం చెప్పాడు. ఈసారి మాట ఆగలేదు. నాయుడు బావు సంగతీ చెప్పాడు. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను.

ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "కాలిపోయిన రోజే ఎందుకు చెప్పలేదు?"

"మొదటి రోజు సిగ్గేసింది. ఒకట్రెండు రోజులే గదా, కొత్త తీగ వచ్చేస్తాదనుకున్నాను. పది రోజులు పోయేక, ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదని అడుగుతారని బయమేసింది. తరవాత్తరవాత బయం కూడా నేదు. పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు అంకె ఏసీవోడిని."

పద్దెనిమిది మొహాలు తెల్లబోయి ఉన్నాయి. తవిటయ్య చెప్పాల్సింది అయిపోయింది. వెళ్ళాలో ఉండాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

మూడో వరసలో హైమ బెంచీ మీద పక్కకి జరిగింది. పుస్తకాలు కూడా జరిపింది. తండ్రి వైపు చూడలేదు. తవిటయ్య మెల్లగా వెళ్ళి ఆ ఖాళీలో కూర్చున్నాడు. చిన్న బెంచీ, మోకాళ్ళు పట్టడం లేదు.

గంటకి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. సుద్దముక్క తీసుకుని పాఠం కొనసాగించాను.